సోవావే సీసాలో ఏముంది? కొండ ఏది, మైదానం ఏది, పక్కన ఏం తినాలి

వెరోనాలో ఏ సూపర్‌మార్కెట్‌కి వెళ్లినా తెల్ల వైన్‌ల అరలో సోవావే అనే పేరు కనిపిస్తుంది. ఐదారు యూరోలకే ఒక సీసా వస్తుంది. అదే ఊళ్లో కాస్త మంచి వైన్ దుకాణంలో అదే పేరుతో ముప్పై యూరోలు దాటిన సీసా కూడా ఉంటుంది. రెండూ ఒకే ప్రాంతంవి, ముఖ్యంగా ఒకే రకం ద్రాక్షతో చేసినవి. రెండింటి లేబుల్ మీదా డీఓసీ అనే అక్షరాలు ఉండొచ్చు. మొదటిది బాగా చల్లబరిచి తాగితే దాహం తీరుతుంది, అంతకుమించి గుర్తుండదు. రెండోది పదేళ్లు దాచినా పాడవదు సరికదా, ఇంకా బాగుపడుతుంది. ఇంత తేడా ఉన్నవాటికి ఒకే పేరు ఎలా కుదిరిందో తెలిస్తే తప్ప, ఏ తిండితో తాగాలన్న ప్రశ్న జోలికి వెళ్లి లాభం లేదు. "సోవావేతో చేపలు బాగుంటాయి" అని చెప్పేవాళ్లు ఏ సోవావే, ఏ చేప అన్నది మాత్రం చెప్పరు.

సోవావే మొదట ఒక ఊరి పేరు. ఈశాన్య ఇటలీలోని వెనెతో రాష్ట్రంలో, వెరోనాకి తూర్పున ఇరవై పైచిలుకు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. మధ్యయుగంలో వెరోనాను ఏలిన స్కాలీజెరి వంశం వాళ్ల కోట కొండ మీద, దాని ప్రాకారం కిందికి దిగి ఊరిని చుట్టి ఉంటుంది. ఆ కోట వెనకాల నుంచి పక్క ఊరు మోంతెఫోర్తె దాల్పోనె దాకా ఉన్న కొండలే అసలు సోవావే ద్రాక్ష పుట్టిల్లు. 1931లో ఇటలీ ప్రభుత్వం రాజశాసనంతో హద్దులు గీసింది ఈ కొండలకే. కథ అక్కడే ఆగి ఉంటే ఈ వ్యాసం అవసరమే ఉండేది కాదు.

1968లో సోవావేకి డీఓసీ హోదా వచ్చింది. ఫలానా ప్రాంతంలో, ఫలానా ద్రాక్షతో, ఫలానా పద్ధతిలో చేసిన వైన్‌కే ఈ పేరు వాడాలని చెప్పే చట్టం అది. వినడానికి నాణ్యతను కాపాడే పనిలా ఉంటుంది. జరిగింది వేరు. ఆ హోదాతో పాటు హద్దులు కూడా బాగా విస్తరించాయి. చుట్టుపక్కల కొండలతో పాటు కింద ఉన్న సారవంతమైన మైదానం కూడా సోవావే అయిపోయింది. 1931 నాటి పాత కొండలకు "క్లాసికో" అని వేరే మాట తగిలించి ఊరుకున్నారు. అప్పటికే ఈ వైన్‌కి విదేశాల్లో, ముఖ్యంగా అమెరికాలో మంచి గిరాకీ ఉంది. అక్కడ బొల్లా కంపెనీ ప్రచారం వల్ల చాలామందికి ఇటలీ తెల్ల వైన్ అంటే సోవావేనే. గిరాకీ ఉన్నప్పుడు ఎకరానికి దిగుబడి తగ్గించుకుని నాణ్యత పెంచుదామని ఎవరు అనుకుంటారు? మైదానంలో నీళ్లకు కొదవలేదు, నేల సారవంతం, యంత్రాలు తిరగడం తేలిక. కొన్నేళ్లలోనే సోవావే అంటే చవకగా, పలచగా, ఏ రుచీ లేకుండా ఉండే వైన్ అనే పేరు స్థిరపడింది.

ఇందులో ద్రాక్ష స్వభావానికీ కొంత పాత్ర ఉంది. సోవావేలో కనీసం 70 శాతం గర్గానెగా అనే ద్రాక్ష ఉండాలి. మిగతా 30 శాతం వరకు ముఖ్యంగా త్రెబ్బియానో ది సోవావే, షార్డొనే కలపొచ్చు. గర్గానెగా గుత్తులు పొడవుగా, వదులుగా వేలాడతాయి. ఆలస్యంగా పండుతుంది, కోత అక్టోబరు దాకా సాగుతుంది. వదిలేస్తే విపరీతంగా కాస్తుంది. కాయ ఎక్కువైన కొద్దీ రసంలో రుచి పలచబడుతుంది. ఇప్పటి నిబంధనల ప్రకారం మామూలు సోవావేకి హెక్టారుకు 15 టన్నులు, క్లాసికోకి 14 టన్నులు, సుపెరియోరె అనే తరగతికి 10 టన్నులు దాటకూడదు. మన లెక్కలో ఎకరానికి ఆరు టన్నులకూ నాలుగు టన్నులకూ ఉన్న తేడా అది. ద్రాక్ష పండించినవాళ్లెవరికైనా ఈ అంకెలు చూస్తే విషయం అర్థమైపోతుంది. మంచి రైతులు చట్టం ఒప్పుకున్న దానికంటే చాలా తక్కువకే ఆగిపోతారు.

తీగలను ఇక్కడ సంప్రదాయంగా పందిరి మీదికి పాకిస్తారు. హైదరాబాద్ చుట్టుపక్కల ఒకప్పటి అనాబ్-ఎ-షాహీ తోటలు చూసినవాళ్లకు ఈ దృశ్యం కొత్తగా ఉండదు. వెరోనా పందిరి కాస్త చిన్నది, వాలుగా ఉంటుంది. ఎనభైలు, తొంభైల్లో నిపుణులు దీన్ని తీసిపారేశారు. పందిరి అంటే అధిక దిగుబడి, అధిక దిగుబడి అంటే నాసిరకం అని వాళ్ల వాదన. చాలామంది పందిళ్లు పీకేసి, ఫ్రాన్స్‌లో లాగా వరసల్లో తీగెలు కట్టారు. ఇప్పుడు ఎండాకాలాలు ముదిరాక ఆ ఆకుల నీడే గుత్తులను ఎండదెబ్బ నుంచి కాపాడుతోందని, పులుపు నిలబెడుతోందని పందిరికి మళ్లీ గౌరవం వచ్చింది. ఈ కొండల సంప్రదాయ ద్రాక్ష సాగును 2018లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వ జాబితాలో చేర్చింది. మన పొరుగున ఒడిశాలోని కొరాపుట్ గిరిజన వ్యవసాయం ఉన్న జాబితా అదే.

సోవావే పరువు పోయిన కాలంలో దాన్ని నిలబెట్టినవాళ్లు కొందరే. అందరికంటే ముందు చెప్పుకోవాల్సింది లియొనీల్దో పియెరోపాన్ గురించి. 2018లో చనిపోయారు. చుట్టూ అందరూ టన్నులు లెక్కపెట్టుకుంటున్న రోజుల్లో ఆయన 1971లో కాల్వారీనో అనే ఒక్క తోట ద్రాక్షతోనే విడిగా వైన్ చేసి, తోట పేరు లేబుల్ మీద వేశారు. ఇటలీ తెల్ల వైన్‌లలో అప్పటికి అదో కొత్త ఆలోచన. 1978లో లా రోక్కా అనే రెండో తోట వైన్ వచ్చింది. కాల్వారీనో నేల అగ్నిపర్వతాల నల్లరాయి, అంటే బసాల్ట్. లా రోక్కా ఉన్నది కోట పక్కన, సున్నపురాయి, బంకమన్ను కలిసిన నేల మీద. మొదటిది చెక్క తగలకుండా తయారవుతుంది, ముక్కుకి సూటిగా, నాలుకకి పదునుగా ఉంటుంది. రెండోది చెక్క పీపాల్లో కొంతకాలం గడుపుతుంది, నోట్లో నిండుగా, గుండ్రంగా ఉంటుంది. ఒకే ఇంటివాళ్లు, ఒకే ఊరు. తేడా కొంత నేలది, కొంత పీపాది, లా రోక్కా పూర్తిగా గర్గానెగా కావడం, కాల్వారీనోలో త్రెబ్బియానో కలవడం వల్ల మరికొంత. అంతా నేల మహిమే అని చెప్పేవాళ్లను నేను పూర్తిగా నమ్మను.

ఇక రోబెర్తో ఆన్సెల్మి దారి వేరు. ఈ చట్టం మంచి రైతునీ చెడ్డ రైతునీ ఒకే గాటన కడుతోందని విసిగిపోయి, 2000 ప్రాంతంలో ఆయన సోవావే పేరునే వదిలేశారు. తన తోటలు క్లాసికో కొండల మీదే ఉన్నా లేబుల్ మీద ఆ మాట లేకుండా, కేవలం వెనెతో ప్రాంత వైన్ అని రాసి అమ్మడం మొదలుపెట్టారు. కాబట్టి సోవావే కొండల నుంచి వచ్చే మంచి వైన్‌లలో కొన్నింటి మీద సోవావే అని ఉండనే ఉండదు.

దాదాపు అదే సమయంలో ప్రభుత్వం మరమ్మతు మొదలుపెట్టింది. 2001లో "సోవావే సుపెరియోరె" అని పైతరగతి పెట్టి, దానికి ఇటలీలో అన్నిటికంటే పెద్ద హోదా అయిన డీఓసీజీ ఇచ్చారు. తక్కువ దిగుబడి, కనీసం 12 శాతం ఆల్కహాల్ అని షరతులు పెట్టారు. చూడటానికి సమస్య తీరినట్టే. కానీ కొండల మీద బాగా చేసేవాళ్లలో చాలామంది ఆ పైతరగతిని పట్టించుకోలేదు. పియెరోపాన్ కంపెనీ తన రెండు పేరున్న వైన్‌లనూ ఇప్పటికీ సోవావే క్లాసికో డీఓసీ అనే అమ్ముతుంది. ఫలితంగా ఇక్కడ ఒక వింత తికమక ఏర్పడింది. లేబుల్ మీద పెద్ద హోదా చూసి కొంటే మంచిదే దొరకొచ్చు, కానీ అన్నిటికంటే మంచిది ఆ హోదా లేని సీసాలోనే ఉండే అవకాశం ఎక్కువ.

మరి దుకాణంలో ఏం చూడాలి? నా వరకు "క్లాసికో" అనే మాటే ముఖ్యం. అది ఉంటే కనీసం పాత కొండల ద్రాక్ష అని తెలుస్తుంది. "కోల్లి స్కాలీజెరి" అని ఉంటే క్లాసికోకి బయట ఉన్న కొండలు, అదీ మంచిదే. ఏ మాటా లేకుండా ఉత్త సోవావే అని ఉంటే మైదానానిదే కావొచ్చు, రోజువారీ భోజనానికి సరిపోతుంది. ఆ తర్వాత తయారుచేసినవాళ్ల పేరు. పియెరోపాన్, జీనీ, ప్రా, ఇనామా, సువావియా, కా రుగాతె లాంటి పేర్లు సుపెరియోరె అనే మాటకంటే ఎక్కువ చెబుతాయి. ఈ ప్రాంతంలో ద్రాక్ష పెద్ద ఎత్తున సహకార సంఘాలకు వెళుతుంది. వాటిలో పేరున్న కాంతీనా ది సోవావే 1898 నాటిది. సహకార సంఘం అనగానే చవకబారుదని కొట్టిపారేయనక్కర్లేదు, క్లాసికో కొండల నుంచి అవి విడిగా చేసేవి ధరకి తగ్గట్టే ఉంటాయి. 2019లో మరో మెట్టు వచ్చింది. 33 ప్రత్యేక కొండ భాగాలను అధికారికంగా గుర్తించి, వాటి పేర్లు లేబుల్ మీద వేసుకోవడానికి అనుమతించారు. ఇన్ని పేర్లు గుర్తుపెట్టుకోవడం వైన్ పిచ్చి ఉన్నవాళ్లకే సాధ్యం. మిగతావాళ్లు వదిలేసినా నష్టం లేదు.

రుచి సంగతికి వద్దాం. మంచి సోవావే గట్టిగా అరిచే వైన్ కాదు. సావిన్యోఁ బ్లాంక్ లాగా మూత తీయగానే గది నిండా వాసన రాదు. తెల్లపూలు, పియర్ పండు, నిమ్మ తొక్క, చివర్లో పచ్చి బాదం నమిలినప్పటి సన్నని చేదు. ఆ చేదే గర్గానెగా సంతకం. ఆల్కహాల్ సాధారణంగా 12, 12.5 శాతం దగ్గర ఉంటుంది. పులుపు ఉంటుంది కానీ పళ్లు జివ్వుమనేంత కాదు. వయసు పెరిగితే తేనె, చామంతి ఛాయలు వస్తాయి. విడిగా తాగితే కొందరికి "ఇంతేనా?" అనిపిస్తుంది. భోజనం పక్కన పెట్టినప్పుడు దాని విలువ బయటపడుతుంది.

ఎందుకంటే వెనెతో వంట కూడా అలాంటిదే. ఒకవైపు వెనిస్ ఉప్పుకయ్యలు, సముద్రపు చేప, ఇంకోవైపు వెరోనా దక్షిణాన వరిపొలాలు. మిరపకాయ దాదాపు లేదు, టమాటా తక్కువ. ఉల్లి, ఆలివ్ నూనె, వెన్న, అన్నం, ఉడికించిన మొక్కజొన్న పిండి పోలెంతా, ఇవే ప్రధానం. ఈ రుచుల మీద గంభీరమైన వైన్ పోస్తే తిండి మాయమైపోతుంది.

సార్దె ఇన్ సావోర్‌తో మొదలుపెడదాం. నావికులు రోజుల తరబడి నిల్వ ఉంచుకోవడానికి పుట్టిన వంట. సార్డీన్ చేపలను వేయించి, నూనెలో మెత్తగా మగ్గిన ఉల్లిపాయలు, వెనిగర్, కిస్మిస్, పైన్ గింజలు పొరలుగా పేర్చి, కనీసం ఒక రోజు ఊరబెడతారు. వెనిస్‌లో జులైలో జరిగే రెదెంతోరె పండగనాడు ఇది తప్పనిసరి. పులుపు, తీపి, చేప కొవ్వు, మూడూ ఒకేసారి తగిలే ఈ పదార్థం పక్కన చాలా వైన్‌లు తేలిపోతాయి. తిండిలో పులుపు ఎక్కువైతే వైన్ పులుపు నాలుకకు తగ్గినట్టు అనిపిస్తుంది. పులుపు తక్కువున్న వైన్ అయితే ఇక నీళ్లలా ఉంటుంది. కిస్మిస్ తీపి దీనికి వ్యతిరేకంగా పనిచేసి, వైన్‌ని మరింత పుల్లగా, చేదుగా చూపిస్తుంది. కాబట్టి ఇక్కడ కావాల్సింది పులుపు గట్టిగా ఉన్న, చెక్క వాసన లేని, వయసు తక్కువ క్లాసికో, బసాల్ట్ నేల మీదిదైతే మరీ మంచిది. లా రోక్కా లాంటి నిండు వైన్ ఇక్కడ దండగ.

బక్కలా మాంతెకాతోకి లెక్క మారుతుంది. వెనెతోలో బక్కలా అంటే ఉప్పు చేప కాదు, నార్వే గాలికి ఎండిన కాడ్ చేప. 1432లో ఓడ మునిగి నార్వే ఉత్తర దీవుల్లో తేలిన పియెత్రో క్వెరీని అనే వెనిస్ వ్యాపారితో ఈ ఎండు చేప ఇటు వచ్చిందని చెబుతారు. దాన్ని నానబెట్టి, ఉడికించి, ఆలివ్ నూనె ధారగా పోస్తూ వెన్నలా అయ్యేదాకా చిలుకుతారు. కాల్చిన పోలెంతా ముక్క మీద పెట్టి బార్లలో అమ్ముతారు. నూనె ఎక్కువ, ఉప్పు మితం, రుచి మృదువు. ఉప్పు వైన్‌లోని పులుపునీ చేదునీ కాస్త మెత్తబరుస్తుంది, పులుపు నూనె జిడ్డును కోసేస్తుంది. మామూలు క్లాసికోతో బాగుంటుంది. విచెంజా వాళ్లు ఇదే ఎండు చేపను ఉల్లి, పాలు, కాస్త ఆంకోవీతో గంటల తరబడి సన్నటి సెగ మీద వండుతారు. దానికి మాత్రం నాలుగైదేళ్లు దాచిన క్లాసికో తీయాలి. పాలల్లో మగ్గిన చేప బరువుకు లేత వైన్ ఆగలేదు.

అన్నం సంగతి మనవాళ్లకు బాగా అర్థమవుతుంది. వెరోనా దక్షిణాన ఈజొలా దెల్లా స్కాలా చుట్టూ వియాలోనె నానో అనే పొట్టి, గుండ్రటి బియ్యం పండిస్తారు. 1996లో యూరప్ భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రసం బాగా పీల్చుకుని కూడా గింజ చితకదు. వెనెతో రిసోత్తో గట్టిగా ముద్దలా ఉండదు, పళ్లెం కదిపితే అలలా జారాలి. అందులో రీజీ ఎ బీజీ అనేది బియ్యం, పచ్చి బఠాణీల వంట, ఇంచుమించు చిక్కటి సూప్. ఏప్రిల్ 25న, వెనిస్ రక్షకుడు సెయింట్ మార్క్ పండగనాడు, అక్కడి పాలకుడైన దోజెకి వడ్డించేవాళ్లు. లేత బఠాణీ తీపి, కాస్త వెన్న, చీజ్, వీటి పక్కన సోవావే చివర వచ్చే బాదం చేదు ఎంత అవసరమో తాగి చూస్తే తెలుస్తుంది. నన్నడిగితే ఈ వైన్‌కి దీనికంటే మంచి తోడు లేదు.

వసంతంలో బస్సానో దెల్ గ్రాప్పా నుంచి వచ్చే తెల్ల ఆస్పరాగస్ ఇంకో పరీక్ష. దీనిలోని గంధకపు పదార్థాలు చాలా వైన్‌లను, ముఖ్యంగా వగరు ఉన్నవాటినీ చెక్క వాసన ఉన్నవాటినీ లోహపు రుచిలోకి దించుతాయి. బస్సానో వాళ్లు వీటిని ఉడికించి, ఉడికిన గుడ్లను ఫోర్కుతో చిదిపి, నూనె, వెనిగర్ కలిపి తింటారు. వగరు లేని, చెక్క తగలని సోవావే ఈ గండం నుంచి క్షేమంగా బయటపడుతుంది. అద్భుతం అనను, కానీ గొడవ ఉండదు.

"ఒక చోట పుట్టిన తిండీ వైనూ ఒకదానికొకటి కుదురుతాయి" అనే మాట తరచూ వింటాం. వెరోనాలోనే అది సగం అబద్ధం. ఆ ఊరి పేరున్న వంటలు గుర్రపు మాంసం పులుసు, ఎముక మూలుగ, మిరియాలతో చేసే పెయరా అనే చిక్కటి పచ్చడితో తినే ఉడికించిన మాంసం. రెండిటికీ సోవావే చాలదు. అక్కడి జనం కూడా ఊరికి అటుపక్క కొండల మీది వాల్‌పొలిచెల్లా ఎర్ర వైనే పోసుకుంటారు. భూగోళం కంటే పదార్థం బరువే ఎక్కువ పనిచేస్తుంది. లెస్సీనియా కొండల మోంతె వెరోనేజె చీజ్ దీనికి చిన్న ఉదాహరణ. లేతగా ఉన్నప్పుడు సోవావేతో హాయిగా ఉంటుంది, ఏడాది దాటి ముదిరాక రుచి ఘాటెక్కి తెల్ల వైన్‌ని పక్కకు నెట్టేస్తుంది.

డల్లాస్‌లోనో లండన్‌లోనో ఉంటూ అరలో సోవావే చూసి ఇంటి భోజనానికి తెచ్చుకునే తెలుగువాళ్లకు ఒక మాట. ఆల్కహాల్ మిరపకాయ మంటను పెంచుతుంది, కాబట్టి ఆవకాయ, గుంటూరు కారం దట్టించిన చేపల పులుసు దగ్గర దీన్ని తెరవడం వృథా. ఆనపకాయ పాలు పోసిన కూర, మిరియాలు మాత్రమే వేసి వేయించిన చందువా, నెయ్యి వేసిన ముద్దపప్పు లాంటి కారం తక్కువ వంటలతో అయితే అనుకున్నదానికంటే బాగా కలుస్తుంది. చింతపండు పులుపు సమస్య కాదు, కారమే సమస్య.

ఎండబెట్టిన ద్రాక్షతో చేసే రెచోతో ది సోవావే గురించి చెప్పకపోతే లోటు. ఆరో శతాబ్దంలో గోత్ రాజుల కొలువులో ఉన్న కాసియోడోరస్ వెరోనా నుంచి ఇలాంటి ఎండు ద్రాక్ష వైన్‌నే రాజు బల్ల కోసం తెప్పించమని ఉత్తరం రాశాడు. కోసిన గర్గానెగా గుత్తులను శీతాకాలమంతా తట్టల మీద ఆరబెట్టి, లేదా వేలాడదీసి, నీరు తగ్గి తీపి చిక్కబడ్డాక పిండుతారు. 1998లో వెనెతోలో అన్నిటికంటే ముందు డీఓసీజీ హోదా వచ్చింది దీనికే. తీపి ఉన్నా పులుపు తగ్గదు, అందుకే మొహం మొత్తదు. వెరోనాలో క్రిస్మస్‌కి తినే పాందోరో కేకుతో పోస్తారు. దొమెనికో మెలెగాత్తి 1894లో పేటెంట్ తీసుకున్న కేకు అది. నాకైతే ఆ జోడీ కంటే నీలి బూజు పట్టిన ఉప్పటి గోర్గొంజోలా చీజ్‌తోనే ఇది బాగుంటుంది. కేకు, వైన్ రెండూ తీపి అయినప్పుడు ఏదో ఒకటి ఓడిపోతుంది. పాందోరో మరీ తియ్యగా ఉండదు కాబట్టి సరిపోతోంది గానీ, క్రీమ్ కేకుతోనో గులాబ్‌జామూన్‌తోనో పెడితే రెచోతో పుల్లటి నీళ్లలా అనిపిస్తుంది.

చల్లదనం గురించి కూడా చెప్పాలి. మామూలు సోవావేకి 8 నుంచి 10 డిగ్రీలు చాలు. తోట పేరున్న క్లాసికోని ఫ్రిజ్‌లోంచి తీసి ఓ ఇరవై నిమిషాలు బయట పెట్టి, 12 డిగ్రీల దగ్గర తాగాలి. మరీ చల్లగా ఉంటే కొండకీ మైదానానికీ మధ్య తేడా తెలియదు, ముప్పై యూరోల సీసా ఐదు యూరోలదానిలాగే ఉంటుంది.